తడిపిండి ఆగదు, పిల్లాడూ ఆగడు

నల్లగొండ నుంచి ఒక చెల్లె నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది. ముఖ్యమైన సంగతులు కుదించి ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"అక్కా, నా వయసు 29. పాపకు నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. బాబుకు 16 నెలలు, నడక వచ్చింది. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాస్తారు. పొద్దున 7కు వెళ్తే రాత్రి 8 దాటాకే రావడం. వడ్ల సీజన్‌లో అదీ నమ్మకం లేదు. అత్తమ్మ మాతోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులు. పెళ్లికి ముందు నేర్చుకున్న, చీర కొంగుకు కుచ్చులు వేసే పని పాప పుట్టాక మళ్లీ మొదలుపెట్టాను. నెలకు పది చీరల దాకా వస్తాయి. చీరకు 350 తీసుకుంటాను, దారానికి 50 పోతుంది. రెండేళ్లుగా సంక్రాంతికి సకినాలు కూడా ఆర్డర్ మీద చేసిస్తున్నాను.

మొన్నటి పండక్కి 12 కిలోలు ఒప్పుకున్నాను. పాపకు సెలవులు, బాబుకు జలుబు. వాకిట్లో కింద పొయ్యి పెట్టి అత్తమ్మ, నేను రెండు రాత్రులు కూర్చున్నాం. రెండో రోజు పొద్దున బాబు పప్పన్నం చేత్తో వచ్చి మంచం మీదున్న గద్వాల చీర పట్టుకున్నాడు. మాఘంలో పెళ్లికి కట్టుకోవాల్సిన చీర, వేరేవాళ్లది. గాబరాలో సబ్బు పెట్టి రుద్దాను. పసుపు మరక కాస్తా ఎర్రగా మారింది. చివరికి వాళ్లకు 3,500 ఇచ్చుకున్నాను. 'ఇంత చేస్తే మిగిలిందెంత?' అని మా ఆయన అడిగారు. చెప్పలేకపోయాను. 12 కిలోల్లో మూడు చుట్టాలకే వెళ్లాయి, అయినవాళ్ల దగ్గర పైసలు ఎలా అడుగుతాం? 'ఇంట్ల పిల్లగానికి బువ్వ పెట్ట తీరదు గానీ, ఊరందరికి సకినాలు' అంది అత్తమ్మ. ఆ మాట ఇంకా గుచ్చుతోంది.

నేను చీర పట్టుకున్నంతసేపూ పాప చేతిలో ఫోన్ ఉంటుంది. మూడు గంటలు చూసిన రోజులూ ఉన్నాయి. ఇంట్లో మూడు రకాల వంట. పిల్లలకు కారం లేకుండా, మా ఆయన డబ్బాకు వేరే, అత్తమ్మకు రాత్రి జొన్నరొట్టె. మెడ, కుడి భుజం లాగేస్తున్నాయి. రీల్స్‌లో ఇద్దరు పిల్లలతో అద్దంలాంటి ఇల్లు చూపించే వాళ్లను చూస్తే ఏడుపొస్తుంది. 'ఏడాది పాటు పాపను కల్వకుర్తిలో మీ అమ్మ దగ్గర ఉంచుదాం, లేదా ఈ పనులన్నీ బంద్ చెయ్' అంటున్నారు మా ఆయన. ఏం చేయమంటారు?"

పేజీ చివర చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న ఉంది: "నా సకినాలు మొదటి వాయి కరకరలాడతాయి, తర్వాతవి రాయిలా వస్తాయి. ఎందుకు?"

చెల్లె, అక్కా అన్నావు కాబట్టి 'నువ్వు' అనే రాస్తాను.

ముందు ఆ ఎర్ర మరక సంగతి చూద్దాం. ఉత్తరంలో దాని గురించి రెండుసార్లు రాశావు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, ఇదీ అదే. సబ్బులో ఉండే క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. నీ చేతిలో చీర కాలిపోలేదు. కానీ ఎరుపు చూసి భయపడి ఇంకా రుద్ది ఉంటావు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు ఓర్చుకునే ఉతుకు పట్టు ఓర్చుకోదు. మరక కన్నా ఆ రుద్దుడే ఎక్కువ చెడగొట్టి ఉండొచ్చు. ఇంకోసారి అయితే పైనున్న పప్పును చెంచా అంచుతో తీసి, పొడిబట్టతో అద్ది, సబ్బు ముట్టకుండా అదే రోజు డ్రైక్లీనింగ్‌కు ఇవ్వు. పసుపు, నూనె మరకని వాళ్లకు చెప్పు. చీర ఇచ్చినవాళ్లకు కూడా అప్పుడే ఫోన్ చేసెయ్.

ఇక అసలు సంగతి. మీ ఆయన పాపను కల్వకుర్తి పంపిద్దామంటున్నారు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చీర పట్టుకున్నది బాబు. పొయ్యి దగ్గరికి వచ్చేది బాబు. రాత్రి లేచేది బాబు. పాప పొద్దున్నే బడికి పోయి మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉండదు. ఆమెను పంపిస్తే నీకు మిగిలేది సాయంత్రం ఫోన్ చూసే ఆ కొన్ని గంటలు, అంతే. ఆ నాలుగున్నరేళ్ల పిల్లకు మాత్రం తమ్ముడు వచ్చాక తనను పంపించేశారనే అర్థమవుతుంది. పాలమూరు నుంచి ముంబైకో పుణెకో వలస పోయిన తల్లులు పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర విడిచి పోయారు, వాళ్లకు వేరే దారి లేక. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లను నేను చూశాను. అందరూ చెడిపోలేదు, చాలామంది బాగున్నారు, కానీ అమ్మ ఊరొచ్చిన రోజు తలుపు వెనక నక్కిన సంగతి మాత్రం ఎవరూ మర్చిపోలేదు. అంత అవసరం నీకు వచ్చిందని నాకనిపించడం లేదు. దసరాకో వేసవికో సెలవుల్లో పది రోజులు అమ్మమ్మ దగ్గర ఉంటే ఆ పిల్లకు సంబరం. ఏడాది అంటే మాత్రం నేను సరే అనను. అయినా అమ్మను అడిగావా? ఆమెకు ఓపిక ఉందా? ఉత్తరంలో ఆ మాటే లేదు.

నీ చిక్కు ఎక్కడుందో నాకు తోచింది చెబుతాను. చిన్నపిల్లలున్న ఇంట్లో ఏ పని చేతిలోకి తీసుకున్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పిల్లాడు ఏడిస్తే ఈ పని మధ్యలో వదిలి లేవగలనా? పిల్లాడు దీన్ని ముట్టుకుంటే నష్టమా? కుచ్చులు ఏ ముడి దగ్గరైనా ఆపొచ్చు, కానీ వాడు ముట్టుకోకూడదు. చిక్కుడుకాయ ఈనెలు తీయడం ఆపొచ్చు, వాడు ముట్టుకున్నా ఫర్వాలేదు. సకినాలున్నాయే, తడిపిండి కలిపాక ఆపలేవు, మరిగే నూనె దగ్గరికి వాణ్ని రానివ్వలేవు. నువ్వేమో బాబు నిద్రపోయే మధ్యాహ్నం రెండు గంటలూ వంటింట్లో గడిపి, వాడు లేచి తిరుగుతుండగా చీర ముందేసుకుంటున్నావు. ఇది తిరగేసి చూడు. కూరగాయలు తరగడం, బియ్యంలో రాళ్లు ఏరడం, వేయించిన పల్లీల పొట్టు తీయడం వాడు మెలకువగా ఉన్నప్పుడు. (వేయించిన పల్లీలు వాడి నోట్లోకి పోకుండా చూసుకో, ఈ వయసులో గొంతుకు అడ్డం పడతాయి.) పొయ్యి మీది పని పొద్దున్నే, మీ ఆయన ఇంట్లో ఉండగా. ఆ నిద్ర గంటలు రెండూ చీరకే. అప్పుడు వంటింట్లోకి తొంగి కూడా చూడకు.

చీర విషయంలో నేను చూసిన ఒక పద్ధతి ఉంది. మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో మా పక్క వాటాలో ఉండే ఆమె కుచ్చులు వేసేది, ముగ్గురు పిల్లలు. చీర మొత్తాన్ని మడతపెట్టి ఉతికిన దిండు గలీబులో తోసేసేది. కొంగు చివర జానెడు మాత్రమే బయటికి. దాన్ని గట్టి అట్టకు క్లిప్పులతో బిగించి, అట్ట ఒళ్లో పెట్టుకుని ముడులు వేసేది. పిల్లాడు లేస్తే ఆ జానెడు కూడా లోపలికి తోసి, మూట గూట్లో పైకి. నాలుగు సెకన్ల పని. సూదులు మాత్రం మూడే వాడేది, రాత్రి మూడూ లెక్కపెట్టాకే లైటు తీసేది. బాబుకు మూడేళ్లు దాటేదాకా పూసల డిజైన్లు ఒప్పుకోకపోతే మంచిది. దారం కుచ్చులు, బేబీ కుచ్చులు చాలు. పూస వాడి ముక్కులోకి పోతే ఆసుపత్రికి పరుగెత్తాలి, పూసల చీరకు వచ్చే అదనపు డబ్బు ఆ భయానికి సరిపోదు.

మీ ఆయన అడిగిన ప్రశ్నకు నీకు కోపం వచ్చింది కానీ, ఆ ప్రశ్న తప్పు కాదు. అడిగిన తీరు తప్పు కావచ్చు. కాగితం మీద వేద్దాం. కుచ్చులకు చీరకు 300 మిగిలితే పది చీరలకు నెలకు 3,000. ఇది నిజమైన సంపాదన. పెట్టుబడి లేదు, ఇంటి గడప దాటే పనీ లేదు. సకినాలకు వద్దాం. డబ్బులొచ్చింది తొమ్మిది కిలోలకే. కిలో 400 చొప్పున 3,600. బియ్యం, నువ్వులు, ఓమ, నూనె, గిర్ని, గ్యాస్, కవర్లు కలిపి 2,100 అయిందని ఉత్తరం వెనక పేజీలో నువ్వే లెక్క వేశావు. మిగిలింది 1,500. ఇద్దరు ఆడవాళ్లు, రెండు రాత్రులు. చీరకు కట్టిన 3,500 తీస్తే రెండు వేలు చేతి నుంచి పోయింది. అంటే మీ ఆయన మాట సకినాల విషయంలో నిజం, కుచ్చుల విషయంలో కాదు. రెండూ ఒకే గంపలో వేసి 'బంద్ చెయ్' అంటున్నారు. ఈ లెక్క ఆయన ముందు పెట్టు. లెక్కలు రాసే మనిషే కదా, అర్థం చేసుకుంటారు.

అత్తమ్మ మాట గురించి. ఆ 12 కిలోల్లో సగం ఆమె వేళ్ల మీదే తిరిగి ఉంటాయి. మోకాళ్ల నొప్పులతో రెండు రాత్రులు కింద కూర్చుంది. ఆ పని చేస్తావా అని అడిగావా, లేక కూర్చోబెట్టావా? పండుగయ్యాక ఆమె చేతిలో ఒక ఐదు వందలు పెట్టావా? నిన్ను నిందించడానికి అనడం లేదు. మన ఇళ్లలో అత్తమ్మ చేసిన పనికి లెక్క కట్టే అలవాటే లేదు. నోటితో అడగలేనిది దెప్పుగా బయటికి వస్తుంది. మనవడి బువ్వ మాట ఒక సాకు కావచ్చు. ఈసారి ఏ ఆర్డర్ తీసుకున్నా ముందు ఆమెతో చెప్పు, ఆమె వాటా ఆమెకు ఇవ్వు. ఆ తర్వాత కూడా దెప్పితే అప్పుడు బాధపడుదువుగానీ.

ఇప్పుడు నీ ముందున్న దారులు చూద్దాం. అన్నీ బంద్ చేయడం ఒకటి. ఒళ్లు తేలికవుతుంది, ఇంట్లో మాటలు తగ్గుతాయి. కానీ నెలకు ఆ మూడు వేలు పోతాయి, జాకెట్ ముక్కకు కూడా మీ ఆయనను అడగాల్సి వస్తుంది. వచ్చే చీరలు పక్క వీధికి పోతాయి, చేయి మంచిదైతే కొన్ని తిరిగి వస్తాయి. అలసిపోయి నువ్వే ఆరు నెలలు ఆగుతానంటే నేను వద్దనను. ఎవరో ఆపమంటే ఆగితే మాత్రం ఆ ఉక్రోషం పిల్లల మీదే తీరుతుంది. నీ ఉత్తరంలో కుచ్చుల గురించి రాసినచోట అక్షరాలు కూడా గుండ్రంగా ఉన్నాయి. ఆ పని నీకు ఇష్టం.

తిండి ఆర్డర్లు కొన్నాళ్లు వదిలేసి కుచ్చులు ఉంచుకోవడం ఇంకో దారి. పోయేది సంక్రాంతి పదిహేను వందలు, నలుగురు వాడుక మనుషులు. మిగిలేది రెండు రాత్రుల నిద్ర. వచ్చే పండక్కి బాబుకు రెండేళ్లు దాటతాయి కదా అనుకోకు, 16 నెలలవాడు నడుస్తాడు, రెండేళ్లవాడు ఎక్కుతాడు.

సకినాలు వదలబుద్ధి కాకపోతే ఒంటరిగా చేయకు. మా అమ్మ కాలంలో సకినాలు ఏ ఇంట్లోనూ ఒక్కరు చుట్టేవాళ్లు కాదు. ఇవాళ మన ఇంట్లో, రేపు వాళ్ల ఇంట్లో. పరిచిన ధోవతి చుట్టూ నలుగురు, పిల్లల్ని చూసుకోవడానికి ఒక ముసలమ్మ. నీ సంఘంలోనో వీధిలోనో ముగ్గురిని కలుపుకో. చిన్నపిల్లలు లేని ఇంట్లో పొయ్యి పెట్టండి, పిల్లల దగ్గర కూర్చునే మనిషికి కూడా సమాన వాటా ఇవ్వండి. నీ వాటా తగ్గుతుంది, ఉప్పు ఎక్కువైందని ఒకరు, నువ్వులు తక్కువని ఒకరు గొడవపడతారు, నీ చేతి రుచి అని అడిగి తీసుకునేవాళ్లు మొహం చిట్లిస్తారు. అవన్నీ ఓర్చుకోగలిగితే ఇది మంచిదే. తిండి అమ్మకం కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ రిజిస్ట్రేషన్ తీసుకోండి, ఆన్‌లైన్‌లో అవుతుంది. చుట్టాలకు మాత్రం ముందే చెప్పు: ఇంటికొస్తే తినిపిస్తాను, డబ్బాలో కట్టిస్తే డబ్బులు. మొదటి ఏడాది ముఖాలు మాడతాయి.

ధనుర్మాసంలో మనకు పెళ్లిళ్లు ఉండవు. నీ కుచ్చుల పని సహజంగానే తగ్గాల్సిన నెల అది. మాఘం పెళ్లిళ్లవాళ్లు తొందరపడి ముందే తెచ్చిస్తారు. 'పండుగ దాటాక పంపండి' అని ఒక్క మాట అని ఉంటే ఆ గద్వాల చీర ఆ రోజు మీ మంచం మీద ఉండేదే కాదు. ఆషాఢం కూడా అంతే, ఖాళీ. ఆ రోజుల్లోనే నువ్వుల పొడి, పల్లి పొడి, కరివేపాకు పొడి కొట్టి డబ్బాల్లో పెట్టుకో. రోజూ కొత్త కూర వండాల్సిన పని తప్పుతుంది.

మూడు రకాల వంట గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకే పప్పు, ఒకే కూర. కారం వేయకముందే పిల్లల గిన్నెలోకి తీసెయ్, ఆ తర్వాత నీ ఇష్టం. అత్తమ్మ జొన్నరొట్టె అందరికీ చెయ్, బాబుకు పాలల్లో నానబెట్టి మెదిపి పెట్టు. తపాలా చెక్కలో పచ్చిమిర్చి లేకుండా ఒక మూల చేస్తే పాప తింటుంది. పాప చేత కొత్తిమీర తుంపించు, బఠానీలు ఒలిపించు. సగం కింద పోస్తుంది, పోయనీ. ఫోన్ మూడు గంటలు మాత్రం ఎక్కువే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దని, ఏడాది వయసు పిల్లలకు అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒక్కసారిగా లాక్కోకు, పాప చేతికి మిగిలిన దారం ముక్కలు, ఒక అట్ట ఇచ్చి చూడు. నీ పక్కనే కూర్చుని తనూ ముడులు వేయాలనుకుంటుంది. రీల్స్‌లో ఇల్లు అద్దంలా ఉంచేవాళ్ల కెమెరా వెనక ఏముందో మనకు కనపడదు, దాని మీద ఇంకో వాక్యం దండగ.

భుజం నొప్పిని చిన్నగా తీసుకోకు. మన పాత నల్లగొండ జిల్లాలోనే, ఆలేరు దగ్గర శారాజీపేటలో, తల్లి ఆసు పోసీ పోసీ (చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని) భుజం నొప్పితో బాధపడటం చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతిపని చేసే ఆడవాళ్ల నొప్పి ఒట్టి అలవాటు అనుకోకపోవడం వల్లే ఆ యంత్రం పుట్టింది. నువ్వు మంచం మీద వంగి కూర్చోవడం మాను. గోడకు ఆనుకుని, ఒళ్లో దిండు, దాని మీద అట్ట. చేయి ఎత్తాల్సిన పని ఉండదు. అరగంటకోసారి లేచి తిరుగు. నెలలో తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకో.

ఇంకొక్కటి, ఇది మాత్రం ఇష్టానికి వదలడం లేదు. నడిచే పిల్లాడున్న ఇంట్లో కింద పొయ్యి వద్దు. సకినాలు చేసినా, గారెలు చేసినా, పొయ్యి గట్టు మీదే ఉండాలి, మధ్యలో మూసిన తలుపుండాలి. ఎప్పుడైనా నూనె చిందితే టూత్‌పేస్టు, పిండి, సిరా ఏదీ పూయకుండా ఇరవై నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పట్టి ఆసుపత్రికి తీసుకుపో.

ఇక నీ చిన్న అక్షరాల ప్రశ్న. పిండి ఒకటే, నూనె ఒకటే, మొదటి వాయి బాగొచ్చి తర్వాతవి గట్టిపడుతున్నాయంటే పిండి ఆరిపోతోందన్నమాట. గిర్ని నుంచి తెచ్చిన తడిపిండి మొత్తం ఒకేసారి కలిపేసి, బాబు ఏడిస్తే లేచి పోతున్నావు కదా. నువ్వు వచ్చేసరికి పైన పొర కడుతుంది. దానికి నీళ్లు చిలకరించి మళ్లీ పిసికితే ఇంకా గట్టిగా వస్తాయి. తడిపిండిని గిన్నెలో అదిమి, పిండిన తడిబట్ట కప్పి ఉంచు. ముద్ద మాత్రం ఒక వాయికి సరిపడా, చేతిలో పట్టేంతే కలుపు. బట్ట మీద చుట్టినవాటి తడిని ఆ బట్ట కాస్త పీల్చుకున్నాకే పళ్లెంతో లేపి నూనెలో జార్చు. లేవాల్సి వస్తే పొయ్యి కట్టేసి, చేతిలో ముద్దను కూడా ఆ బట్ట కిందే పెట్టి వెళ్లు.